కాంటెండరా, హ్యాండీ రైఫిలా?

.357 మాగ్నం తూటాకి సింగిల్ షాట్ రైఫిల్ (ఒక్కోసారి ఒక్క తూటానే పట్టేది) అంటే అమెరికాలో వెంటనే గుర్తొచ్చేవి రెండు: థాంప్సన్ సెంటర్ కాంటెండర్, హెచ్ అండ్ ఆర్ హ్యాండీ రైఫిల్.

బ్యారెల్ మార్చడంలో కాంటెండర్‌కి తిరుగులేదు. బ్యారెల్ కింద ఉండే ముందు చెక్కని విప్పి, కీలు పిన్ను బయటికి నెట్టి, ఇంకో బ్యారెల్ పెడితే సరి. పాత కాంటెండర్ బ్యారెళ్లు దాని తర్వాతి మోడల్ జీ2 ఫ్రేమ్‌కీ (ట్రిగ్గర్ ఉండే భాగం) సరిపోతాయి, అదే కంపెనీ పెద్ద మోడల్ ఎన్‌కోర్‌వి మాత్రం పట్టవు. బట్ స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) ఉన్నప్పుడు బ్యారెల్ 16 అంగుళాలకు తగ్గకుండా చూసుకోవాలి, లేదంటే ఫెడరల్ చట్టంతో చిక్కే.

హ్యాండీకైతే ఫ్రేమ్‌ని ఫ్యాక్టరీకి పంపి బ్యారెల్ అమర్పించుకోవాల్సి వచ్చేది. 2015లో తయారీ ఆగిపోయాక ఆ దారీ పోయింది. గురి విషయంలో దాన్ని తక్కువ చేయను. కాకపోతే ముందు చెక్క స్క్రూ బిగువు మారితే గుండు తగిలే చోటు జరుగుతుంది. చెక్కకీ బ్యారెల్‌కీ మధ్య చిన్న రబ్బరు ఓ-రింగ్ పెడితే చాలాసార్లు కుదురుకుంటుంది.

రెండింటిలోనూ .357 కన్నా పొట్టి తూటా అయిన .38 స్పెషల్ కూడా పేలుతుంది. దాని కేసు (తూటా గొట్టం) పొట్టి కాబట్టి గుండు రైఫ్లింగ్‌ని (బ్యారెల్ లోపలి మెలి గాళ్లని) అందుకునే దూరం ఎక్కువ, గురి కాస్త సడలవచ్చు. నేనైతే కాంటెండరే కొంటాను.