అమ్మకి ఏది పెట్టాలి: సీరియలా, సినిమానా, గంగవ్వా?

మా ఇంట్లో రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా రిమోట్ అమ్మ చేతిలోనే ఉంటుంది. ఆమె ఒక్కదాన్నే అనడానికీ లేదు. చిక్కడపల్లిలో మా అపార్ట్‌మెంట్ మెట్లెక్కుతుంటే రెండో ఫ్లోర్‌లో సగం విన్న డైలాగు మూడో ఫ్లోర్‌లో పూర్తవుతుంది. మొన్న శనివారం ఉండబట్టలేక, "ఈ ఏడుపులు ఎన్నాళ్లు చూస్తావమ్మా, మంచి సినిమా ఏదైనా పెడతా" అన్నాను.

"మీ సినిమాల్లో నా వయసు ఆడవాళ్లెక్కడున్నారే?" అంది, టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే. ఆమెకి అరవై నాలుగు.

ఉన్నారు, ఎందుకు లేరు? హీరోకి పెరుగన్నం కలిపి పెడతారు. లేదంటే ఫోటోలో దండ వేయించుకుని గోడ మీద ఉంటారు. అదీ కాదంటే హాస్పిటల్ మంచం మీద పడుకుంటారు, ఆపరేషన్ డబ్బుల కోసం హీరో బయల్దేరతాడు. అందుకే నేనొక పరీక్ష పెట్టుకున్నాను. కొడుకు సీన్‌లో లేనప్పుడు ఆవిడకి చేసుకోవడానికి సొంత పని ఏమైనా ఉందా, లేదా?

పైగా సినిమా తల్లులు, అత్తలు ఆ వయసులోనే ఉండరు. 'గుండమ్మ కథ' 1962లో వచ్చింది. సూర్యకాంతం పుట్టింది 1924లో, అంటే అప్పటికి ఆవిడకి ముప్ఫై తొమ్మిది కూడా రాలేదు. అందులో ఆవిడకి అల్లుడయ్యే ఎన్టీఆర్ పుట్టింది 1923లో. అత్తగారి కన్నా అల్లుడే పెద్ద! 2015లో 'బాహుబలి' వచ్చేసరికి కూడా పెద్దగా మారిందేం లేదు. శివగామిగా వేసిన రమ్యకృష్ణకీ, ఆమె పెంచిన కొడుకుగా వేసిన ప్రభాస్‌కీ తొమ్మిదేళ్లే తేడా. అలాగని గుండమ్మని తక్కువ చేయలేను. మొగుడు లేడు, ఆస్తి ఉంది, నోరు ఉంది. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న సినిమాకి ఆవిడ పేరు పెట్టారు. ఇవాళ ఇద్దరు పెద్ద హీరోల సినిమాకి అత్త పేరు పెడదామని ఎవరైనా అంటే నిర్మాత మొహం ఎలా మారుతుందో ఊహించుకోండి.

సినిమా తరఫున గట్టిగా వాదించాలంటే నాకు గుర్తొచ్చేది లక్ష్మి గారే. ఏడేళ్ల తేడాతో ఆవిడ చేసిన రెండు సినిమాలు పక్కపక్కన పెట్టి చూడండి. 2012లో తనికెళ్ల భరణి తీసిన 'మిథునం'లో తెర మీద ఉండేది ఇద్దరే, ఆవిడా, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యమూ. పిల్లలు ఎక్కడో విదేశాల్లో ఉంటారు. కొడుకు సీన్‌లోకి రానే రాడు కాబట్టి నా పరీక్షలో నూటికి నూరూ రావాలి. కానీ తిండి యావ ఆయనది, వండి పెట్టడం ఈవిడది. తను ముందు పోతే ఈయన్ని ఎవరు చూస్తారన్నదే ఆవిడ బెంగ. చూస్తుంటే నాకూ గొంతు పట్టేసింది. అమ్మ మాత్రం కళ్లు తుడుచుకుని, "ఇంతకీ ఆవిడకేం తినాలనుందో ఎవరూ అడగలేదు" అంది.

2019లో నందినీ రెడ్డి తీసిన 'ఓ బేబీ'లో అదే లక్ష్మి డెబ్బై ఏళ్ల సావిత్రి. కాలేజీలో క్యాంటీన్ నడుపుతుంది, కోడల్ని సతాయిస్తుంది, అందరి మీదా నోరు పారేసుకుంటుంది. మనవడంటే ప్రాణం. ఒకప్పటి పాట సరదా లోపలెక్కడో దాచుకుంది. ఇంత ఊపిరున్న ముసలావిడని మన తెర మీద నేను ఎక్కువ చూడలేదు. ఏం లాభం? ఫోటో స్టూడియోలోకి వెళ్లి సమంత అయి బయటికొస్తుంది. కొరియన్ సినిమాకి రీమేక్, కథే అది, తప్పు పట్టలేం. అయినా పాట పాడటం, ఊరంతా తిరగడం, ఒకరి మనసు లాగడం అన్నీ ఆ పడుచు ఒంటితోనే జరిగాయి. రెంటిలో ఒకటి ఎంచుకోమంటే, నేను 'ఓ బేబీ'లో ఆ స్టూడియోకి వెళ్లేదాకా ఉన్న భాగం తీసుకుంటాను.

2018లో 'కేరాఫ్ కంచరపాలెం' వచ్చినప్పుడు, ఎదిగిన కూతురున్న రాధకి ప్రేమకథ ఇచ్చారని అందరం మెచ్చుకున్నాం. రాధ వయసు నలభై రెండు. నాకిప్పుడు నలభై ఒకటి. ఇక మీరే చెప్పండి.

ఇక సీరియల్. ఒంటి నిండా నగలు దిగేసుకుని తెల్లారే కాఫీ కలిపే అత్తలు, ఒక్క మాటకి ఆరుగురి మొహాల మీద ఉరుములు. ఒకామె పాలల్లో విషం కలుపుతుంది, ఇంకొకామె ఆ గ్లాసు సోమవారం ఎత్తితే శుక్రవారానికి గానీ పెదాల దాకా రాదు. అన్నీ ఒప్పుకుంటాను. కానీ నా పరీక్ష పెడితే గెలిచేది సీరియలే. రాస్తుంటే నాకే ఒళ్లు మండుతోంది గానీ నిజం. బీరువా తాళాలు, వీలునామా, కంపెనీ కాగితాల మీద సంతకాలు, ఎవరు ఎవర్ని చేసుకోవాలన్నదీ, అన్నీ పెద్దావిడ చేతిలోనే. కొడుకు సీన్‌లో లేకపోతే ఆవిడకి ఇంకా చేతినిండా పని! 'కార్తీక దీపం'లో సౌందర్యనే చూడండి. మొదట్లో నలుపంటే గిట్టని మనిషి, తర్వాత నల్లగా ఉన్న ఆ కోడలి పక్షానే కొడుకుతో తలపడింది. సినిమా అయితే ఆ మార్పుని ఒక పాటలో తేల్చేసేవాళ్లు.

లోటేమిటంటే ఆ పెత్తనమంతా గేటు లోపలే. ఆవిడకి స్నేహితురాళ్లుండరు, మెట్రో ఎక్కదు, బీపీ మాత్ర మర్చిపోదు, అసలు వేసుకోదు. మా అమ్మ మోకాళ్లకి నూనె రాసుకుంటూ చూస్తుంటుంది, తెర మీద ఆవిడ అదే వయసులో డూప్లెక్స్ మెట్లు టకటకా దిగుతుంది.

చేసేవాళ్ల వైపు నుంచి కూడా చూడాలి. అమ్మ స్నేహితురాలొకావిడ కృష్ణానగర్‌లో ఉంటుంది, అరవై దాటాయి. పెళ్లి సీన్లలో ముత్తయిదువగా, పంచాయితీ సీన్లలో గుంపులో ఒకరిగా వెళ్తుంటుంది. బ్యాగులో ఎప్పుడూ మూడు సొంత చీరలు ఉంటాయి, ఒకటి పట్టు, ఒకటి నేత, ఒకటి వెలిసిపోయింది. వాట్సాప్‌లో కోఆర్డినేటర్ 'రిచ్ లుక్ ఆంటీలు నలుగురు' అని పెడితే పట్టుచీర, 'విలేజ్' అని పెడితే వెలిసింది. "సినిమాకెళ్తే పొద్దంతా ఎండలో నిలబడితే తెర మీద వీపు ఒక్కటే పడుతుంది. సీరియల్లో అప్పుడప్పుడూ ఒక మాటన్నా అనిపిస్తారు వదినా" అంటుంది అమ్మతో. ఒకసారి 'అయ్యో, ఎంత పనైంది' అనే డైలాగు దక్కిందని మాకు మైసూర్‌పాక్ తెచ్చింది.

మూడోది ఫోన్. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ యూట్యూబ్‌లో 'మై విలేజ్ షో' వీడియోలతో అందరికీ తెలిసి, 2020లో బిగ్ బాస్ నాలుగో సీజన్‌కి వచ్చింది. ఆరోగ్యం సహకరించక మధ్యలోనే వెళ్లిపోయి, 2024లో ఎనిమిదో సీజన్‌లో మళ్లీ కనిపించింది. ఎవరికో తల్లిగా కాదు, గంగవ్వగానే, తన ఊరి మాటతోనే వచ్చింది. నాకు ఇదే అన్నిటికన్నా నచ్చింది. కానీ మా ఆఫీసు గ్రూపులో తిరిగేవన్నీ అవ్వ తిట్ల క్లిప్పులే. ఆమె పడ్డ కష్టాల గురించి చెప్పిన క్లిప్పు ఒక్కటీ ఎవరూ ఫార్వర్డ్ చేయగా చూడలేదు.

సరే, ఆ శనివారం ఎలాగోలా ఒప్పించి 'ఓ బేబీ' పెట్టాను. క్యాంటీన్ సీన్లకి పడీ పడీ నవ్వింది. కోడలితో గొడవ దగ్గర "అంతలా అనకూడదమ్మా" అని తెరకే సలహా ఇచ్చింది. సావిత్రి ఫోటో స్టూడియో నుంచి సమంతగా బయటికొచ్చాక రెండు నిమిషాలు చూసి, చెయ్యి చాపింది.

"రిమోట్ ఇటివ్వు. ఇంక ఆ పిల్ల కథేగా, నువ్వు తర్వాత చూసుకో. మా వాళ్లు ఇంకా అయిపోలేదు."