రాజకీయ విశ్లేషణ, నివేదికా రచన శిక్షణ: ఏళ్ల తరబడి వాడాక

అంతర్జాతీయ సంస్థల్లో రాజకీయ వ్యవహారాలు చూసే ఉద్యోగుల కోసం రూపొందించిన ఈ ఆన్‌లైన్ కోర్సును నేను ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో పూర్తి చేశాను. అప్పుడిచ్చిన నోట్సు, నమూనాలు నేటికీ నా బల్ల మీదే ఉన్నాయి కాబట్టి, వాటిలో ఏవి పనికొచ్చాయో ఏవి మూలన పడ్డాయో ఇప్పుడు నిర్ధారణగా చెప్పగలను.

అన్నిటికంటే బాగా నిలిచింది, జరిగినదాన్నీ దానిపై మన అంచనానూ విడదీసి రాయించే అభ్యాసం. క్షేత్ర కార్యాలయాల రోజువారీ నివేదికల్లో ‘గవర్నర్ మంగళవారం ఇరువర్గాల పెద్దలతో సమావేశమయ్యారు, చర్చలు సుహృద్భావ వాతావరణంలో సాగాయి’ వంటి వాక్యాలు కోకొల్లలు. సరిగ్గా ఇలాంటి వాక్యాన్నే ఇచ్చి, ఎవరు రాలేదు, సమావేశం ఇప్పుడే ఎందుకు పెట్టారు, రాబోయే వారాల్లో ఏం మారవచ్చు అనే ప్రశ్నలకు జవాబు దొరికేలా తిరగరాయమన్నారు. చివరకు అది ఇలా తేలింది: ‘స్థానిక ఎన్నికల ముందు గవర్నర్ ఇరువర్గాల పెద్దలనూ ఒకచోట కూర్చోబెట్టారు గానీ, రోడ్లను దిగ్బంధించిన యువనాయకులెవరినీ పిలవలేదు, అందువల్ల పెద్దలు ఒప్పుకున్నా దిగ్బంధం తొలగే అవకాశం తక్కువ.’ ఈ రెండో రూపం చదివిన అధికారికి తాను ఇక ఎవరితో మాట్లాడాలో తెలుస్తుంది.

అవకాశాన్ని ఎంత గట్టిగా చెప్పాలనే పాఠం కూడా విలువైనదే. 1951లో యుగోస్లావియాపై దాడి జరగవచ్చా అన్న అమెరికా గూఢచార అంచనాలో వాడిన ఒకే పదబంధానికి, దాన్ని కలిసి ఆమోదించినవారే 20 నుంచి 80 శాతం దాకా వేర్వేరు అర్థాలు మనసులో పెట్టుకున్నారని అమెరికా గూఢచార విశ్లేషకుడు షెర్మన్ కెంట్ తర్వాత బయటపెట్టారు. ఆ ఉదాహరణ విన్న తర్వాత మా విభాగంలో ఏ మాటకు ఎంత బలమో ముందే నిర్ణయించుకున్న పట్టిక ఒకటి తయారుచేసుకున్నాం. భవిష్యత్ దృశ్యాల గురించిన భాగం మాత్రం సాదాసీదాగా ఉంది. ‘మంచి, చెడు, మధ్యస్థం’ అని మూడు గళ్లు నింపడం విశ్లేషణ అనిపించుకోదు.

నాకు పేచీ ఉన్నది 1994లో టుట్సీల మారణహోమం జరిగిన రువాండా గురించిన పాఠంతో. అక్కడి ఐక్యరాజ్యసమితి దళాధిపతి రోమియో డల్లేర్, ఆ మారణహోమానికి ముందే, 1994 జనవరి 11న న్యూయార్క్‌లోని ప్రధాన కార్యాలయానికి పంపిన కేబుల్ సందేశంలో ఆయుధాల నిల్వల గురించీ, రాజధాని కిగాలీలోని టుట్సీల పేర్లు నమోదు చేయిస్తున్నారన్న సమాచారం గురించీ స్పష్టంగానే ఉంది. ఆ నిల్వలను పట్టుకునేందుకు ఆయన తలపెట్టిన దాడికి మాత్రం అనుమతి రాలేదు. కోర్సు దీన్ని హెచ్చరికలు రాయడంలో పాఠంగా బోధిస్తుంది. నా దృష్టిలో అక్కడ విఫలమైనది రాత కాదు, అందుకున్న చోట దాన్ని ఏం చేశారన్నది. ఐక్యరాజ్యసమితి శాంతి కార్యకలాపాలపై లఖ్దర్ బ్రాహిమీ అధ్యక్షతన 2000లో వెలువడిన నివేదిక, భద్రతా మండలి వినగోరేది కాక తెలుసుకోవలసినదే సచివాలయం చెప్పాలని తేల్చింది. ఆ మాటను స్లైడు మీద చూపించి ముందుకు వెళ్లిపోతారు గానీ, ముసాయిదా ఒక్కో బల్ల దాటుతున్నకొద్దీ పదును ఎలా పోగొట్టుకుంటుందో, ఏ వాక్యం కోసం పట్టుబట్టాలో, ఏది వదిలేయాలో ఎవరూ నేర్పరు. ఐక్యరాజ్యసమితి చార్టర్‌లోని 100వ అధికరణ ప్రభుత్వాల ఆదేశాల నుంచి ఉద్యోగిని కాపాడుతుందని చెబుతారు, నిజమే. సొంత కార్యాలయంలోని జాగ్రత్త నుంచి మాత్రం కాపాడదు.

కొత్తగా చేరినవారి కంటే, కొంతకాలం క్షేత్రంలో పనిచేసి తమ సొంత ముసాయిదాలు వెంట తెచ్చుకోగలవారికి ఈ శిక్షణ ఎక్కువగా పనికొస్తుంది. అదీ బోధకుడు వాక్యం వాక్యానికి వ్యాఖ్య రాసిచ్చే బ్యాచ్‌లో చేరితేనే. రికార్డు చేసిన పాఠాలు మాత్రమే ఉన్న రకం తక్కువ ఖర్చే గానీ, పైన చెప్పిన తిరగరాత అభ్యాసం అందులో లేదు.