ఏది మేలు: అద్దె వసూలుకొచ్చే అమ్మగారా, కౌన్సిల్ కట్టిన ఇల్లా, మరుగుదొడ్డి చట్టమా?

విక్టోరియా రాణి కాలపు లండన్‌లో పేదవాడి ఇంటిని ఎవరు బాగుచెయ్యాలన్న దాని మీద పెద్ద వాదులాటే జరిగింది. అట్లాంటిక్ అవతల న్యూయార్క్‌లోనూ అదే గొడవ. చరిత్ర పుస్తకాలు వీటన్నిటినీ సంస్కరణ అని ఒకే గాటన కట్టేస్తాయి. సంస్కర్తల ఉద్దేశాలు మంచివేలెండి. కానీ ఆ ఇళ్లలో అద్దెకుండే మనిషికి ఏ దారి మేలు చేసిందన్నదే నాకు కావాలి.

ముందు పేదల ఇళ్ల సంస్కర్త ఆక్టేవియా హిల్ సంగతి. 1865లో రచయిత జాన్ రస్కిన్ డబ్బు పెడితే, ఆవిడ లండన్ మేరిల్‌బోన్‌లో పారడైజ్ ప్లేస్ అనే సందులో మూడు ఇళ్లు తన చేతిలోకి తీసుకుంది. తన పని గురించి రాసిన వ్యాసాల్లో ఆనాటి ఇళ్ల పరిస్థితి వివరంగా చెప్పింది. గోడల సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతోంది. పైకప్పు కారుతుంటే మెట్ల మీద బాల్చీ పెట్టుకున్నారు. మెట్ల పక్క కటకటాలు లేవు, చలికాలంలో వాటిని పొయ్యిలో పెట్టేశారు. బట్టలుతుక్కునే గది ఒకటుంది గానీ, దాన్నిండా పాత యజమాని సామాను, దానికి తాళం. నీళ్లు వచ్చినప్పుడు పట్టుకోవడానికి కూజా లేనివాళ్లకి ఆ పూట నీళ్లే లేవు, ఎందుకంటే తొట్టి కారిపోతోంది. మొత్తం 192 కిటికీ అద్దాల్లో పగలనివి ఎనిమిది.

ఆవిడ పద్ధతి చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. వారం వారం ఆవిడో, ఆవిడ దగ్గర పని నేర్చుకున్న స్త్రీలో స్వయంగా వచ్చి అద్దె వసూలు చేస్తారు. పెట్టుబడి పెట్టినవాళ్లకి 5 శాతం రాబడి ఇవ్వాలి, అందులో రాజీ లేదు. ప్రతి ఇంటికీ ఏడాదికి ఇంతని మరమ్మతుల డబ్బు పక్కన పెడతారు. పగిలినవీ విరిగినవీ బాగుచేయించగా ఏమైనా మిగిలితే, దాన్ని దేనికి ఖర్చు పెట్టాలో అద్దెకున్నవాళ్లే చెప్పాలి. నాకు బాగా నచ్చిందిదే. అద్దం పగలగొడితే నష్టం తమదే అని తెలిసినప్పుడు పిల్లల్ని అదుపులో పెట్టే పని తల్లులే చూసుకుంటారు. పనుల్లేని రోజుల్లో చిన్నాచితకా రిపేర్లు అక్కడి మగవాళ్లకే ఇచ్చేది. నడవలు కడిగే పనికి ఆడపిల్లలకి కూలి ముట్టేది.

ఇదంతా బాగానే ఉంది. అద్దె బాకీ పడితే మాత్రం బయటికి గెంటడమే. నడవడి బాగోలేదని ఆవిడకి అనిపించినా అంతే. వారం వారం గుమ్మంలోకొచ్చే ఆ దొరసాని అద్దె ఒక్కటే చూస్తుందా? ఇల్లు ఊడ్చారా, మొగుడు తాగొచ్చాడా, పిల్లలు బడికెళ్లారా, అన్నీ ఆవిడ కంట్లో పడతాయి. పైగా కౌన్సిల్, అంటే స్థానిక పాలక సంస్థ, ఇళ్లు కట్టడాన్నీ, ప్రభుత్వం ముసలివాళ్లకి పింఛను ఇవ్వడాన్నీ ఆవిడ ఒప్పుకోలేదు. జనం సొంత కాళ్ల మీద నిలబడటం మానేస్తారని ఆవిడ భయం. ఆడవాళ్లకి పార్లమెంటు ఓటు కూడా వద్దంది, అదో విచిత్రం. ఇలాంటి ఆవిడ ఊరికొకరు దొరకరన్నది అన్నిటికన్నా పెద్ద చిక్కు.

ఇక కౌన్సిల్ ఇల్లు. 1889లో లండన్ కౌంటీ కౌన్సిల్ ఏర్పడగానే షోర్‌డిచ్, బెత్నల్ గ్రీన్ సరిహద్దులో ఓల్డ్ నికల్ అనే మురికివాడ మీద పడింది. 5,719 మందిని ఖాళీ చేయించి, మొత్తం పడగొట్టింది. ఆ శిథిలాలన్నీ మధ్యలో గుట్టగా పోసి తోట చేశారు. దాని చుట్టూ ఎర్ర ఇటుకల భవనాలు, 1,069 వాటాలు, పెద్ద లాండ్రీ, పనివాళ్లకి వర్క్‌షాపులు. 1900 మార్చిలో వేల్స్ యువరాజు వచ్చి ప్రారంభించాడు. బౌండరీ ఎస్టేట్ అన్న ఆ కాలనీ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కట్టడంలో వంక పెట్టడానికేమీ లేదు.

వంకంతా అందులోకి ఎవరు చేరారన్న దగ్గరే. ఖాళీ చేయించిన ఆ 5,719 మందిలో కొత్త వాటాల్లోకి వచ్చినవాళ్లు 11 మంది. పదకొండే! అద్దె ఎక్కువ, నియమాలు గట్టివి. రోజుకూలీలు, తోపుడుబండ్లవాళ్లు పక్క పేటల్లోకి వెళ్లి అక్కడ ఇంకా ఇరుక్కున్నారు. వారం వారం జీతం తప్పకుండా వచ్చేవాళ్లకి ఇది దివ్యమైన ఇల్లే. ఓల్డ్ నికల్ వాళ్లకి ఒరిగింది సున్నా.

న్యూయార్క్ వాళ్లు మూడో దారి పట్టారు. అక్కడ టెనిమెంట్లంటే 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల లోతు స్థలంలో ఐదారు అంతస్తుల మేడలు. 1879 చట్టం ప్రతి గదికీ కిటికీ ఉండాలంది. బిల్డర్లు దానికో ఉపాయం కనిపెట్టి, రెండు మేడల మధ్య దాదాపు 28 అంగుళాల గాలి సందు వదిలి చేతులు దులుపుకున్నారు. ఆ సందు చెత్తకుండీ అయింది, నిప్పంటుకుంటే పొగగొట్టమూ అయింది. 1900లో లారెన్స్ వీలర్ అనే ఇళ్ల సంస్కర్త ఒక ఎగ్జిబిషన్ పెట్టి, ఊళ్లోని ఒక బ్లాకుని అట్టతో నమూనా చేసి చూపించాడు. 39 మేడలు, 2,781 మంది జనం, 264 మరుగుదొడ్లు. స్నానాల తొట్టి ఒక్కటీ లేదు.

ఆ మరుసటి ఏడే, అంటే 1901లో, కొత్త చట్టం వచ్చింది. కొత్తగా కట్టే ఇంట్లో ప్రతి వాటాకీ సొంత మరుగుదొడ్డి ఉండాలి. పాత ఇళ్లనీ వదల్లేదు. పెరటి దొడ్లు తీసేసి లోపల కట్టాలి, చీకటి గదుల గోడలు తొలిచి కిటికీలు పెట్టాలి. తనిఖీకి ప్రత్యేకంగా ఒక శాఖ. కేటీ మోషెన్ అనే ఇంటి యజమానురాలు పెరటి దొడ్డి తియ్యనని కోర్టుకెక్కితే, 1904లో రాష్ట్ర అత్యున్నత కోర్టులోనూ, 1906లో అమెరికా సుప్రీంకోర్టులోనూ ఓడిపోయింది. ఆర్చర్డ్ స్ట్రీట్ 97వ నంబరు ఇల్లు 1863 నాటిది, ఇప్పుడు మ్యూజియం. అంతస్తుకి నాలుగు వాటాలు, ఒక్కో వాటాలో మూడు గదులుంటే బయటి వెలుతురు తగిలేది ఒకదానికే. 1905లో అక్కడ అంతస్తుకి రెండు మరుగుదొడ్లు కట్టారు. రెండు కుటుంబాలకి ఒకటన్నమాట. గొప్పగా లేదు, ఒప్పుకుంటాను. కానీ రాత్రిపూట జ్వరంతో ఉన్న పిల్లని ఎత్తుకుని నాలుగో అంతస్తు నుంచి పెరట్లోకి దిగే తల్లిని అడిగితే తెలుస్తుంది దాని విలువ. దానికోసం ఎవరూ వచ్చి ఆవిడ నడవడి చూడలేదు, ఇల్లు ఖాళీ చెయ్యమనలేదు.

అందుకే నేనైతే చట్టానికే ఓటేస్తాను. హిల్ గారి మరమ్మతుల పద్ధతిని దానికి జోడిస్తే ఇంకా బాగుండేది.

చట్టానికీ ఒక మూల గట్టి దెబ్బ తగులుతుంది. అది యజమాని చేత ఇల్లు బాగుచేయించగలదు గానీ, అద్దెకివ్వు అని బలవంతపెట్టలేదు. నిబంధనలు ఇంకా పెరిగాక, 1935లో ఆర్చర్డ్ స్ట్రీట్ ఇంటి యజమాని ఆ ఖర్చు పెట్టలేక అద్దెవాళ్లని పంపేసి వాటాలకి తాళం వేశాడు. అలా రోడ్డున పడ్డవాళ్లకి ప్రభుత్వం కట్టిన ఇల్లే దిక్కు. న్యూయార్క్ నగరం తన మొదటి ప్రభుత్వ అద్దె ఇళ్లు, ఫస్ట్ హౌసెస్, ఆ ఏడాది డిసెంబరులోనే తెరిచింది, అదీ నూటపాతిక కుటుంబాలకైనా సరిపడనన్ని. బౌండరీ ఎస్టేట్‌కి రిబ్బను కత్తిరించి అప్పటికి 35 ఏళ్లు.