సంఘం రేడియో 90.4: ఊరి మంచిచెడ్డలు ఊరే మాట్లాడుకునే రెండు గంటలు

జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో పొద్దుగూకాక 7 గంటలకు ఎఫ్ఎం రేడియో 90.4 మీద పెడితే సంఘం రేడియో వస్తుంది. 9 దాకా ఉంటుంది. ఆరోగ్యం గురించి డాక్టరు ఉపన్యాసం వినాలనుకుంటే ఇది మీ స్టేషన్ కాదు. ఇక్కడ ఎక్కువగా వినిపించేది సేద్యం చేసుకునే దళిత మహిళల మాట. ఒకామె అడుగుతుంది, ఇంకొకామె చెబుతుంది: ఇప్పుడు చేలో ఏ ఆకుకూర దొరుకుతోంది, బాలింతకు ఏం పెట్టాలి, విత్తనం లేనివాళ్లు ఎవరి ఇంటికి పోవాలి. తిండి, చేను, పక్కింటి మనిషి, పాట, ఈ నాలుగూ కలిస్తేనే ఒంటికీ మనసుకీ బాగుంటుందన్న లెక్క మీద నడిచే రేడియో ఇది. ఆ లెక్క సరైనదే. సంభాషణల రేడియోగా తెలుగు నేల మీద దీనికి సాటి వచ్చేది తక్కువ.

స్టేషన్ ఉన్నది సంగారెడ్డి జిల్లా మాచనూరులో. నడిపేది పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాలు. 1990ల చివర్లోనే యునెస్కో సాయంతో స్టూడియో సిద్ధమైంది గానీ ప్రసారానికి అనుమతి రాలేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలోనే చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరిచిన విధానం 2006 నవంబరులో గానీ రాలేదు. ఈలోగా ఈ ఆడవాళ్లు చేతులు ముడుచుకు కూర్చోలేదు. కార్యక్రమాలు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం మీటింగుల్లో వినిపించారు. 2008 అక్టోబరు 15న, గ్రామీణ మహిళల దినోత్సవం నాడు ప్రసారం మొదలైంది. దేశంలో ఒక స్వచ్ఛంద సంస్థ చేతుల్లో నడిచిన మొదటి కమ్యూనిటీ రేడియో, అంటే ఊరివాళ్లే తమ కోసం నడుపుకునే చిన్న రేడియో, ఇదే. ప్రారంభించినది, ఆ 1995 తీర్పు ఇచ్చిన వాళ్లలో ఒకరైన జస్టిస్ పి.బి. సావంత్. మొదటి నుంచీ దాన్ని నడిపిన ఆల్గోల్ నర్సమ్మ, జనరల్ నర్సమ్మల పేర్లు కమ్యూనిటీ రేడియో తెలిసినవాళ్లందరికీ పరిచయమే.

ఆ క్యాసెట్ల కాలమే ఈ రేడియోకు గట్టి పునాది అయింది. ఎదురుగా కూర్చున్న సంఘానికి వినిపిస్తే, ఎక్కడ విసుగు పుట్టిందో, ఎక్కడ గొంతు కలిపారో అప్పుడే తెలిసిపోతుంది. ఏ సర్వే కన్నా అది నికరమైన పరీక్ష. కొత్తగా స్టేషన్ పెట్టేవాళ్లు లైసెన్సు వచ్చేదాకా ఆగకుండా ఇప్పటికీ చేయదగిన పని అది.

సంభాషణ విషయానికొస్తే, పట్టు అంతా అడిగే తీరులోనే ఉంటుంది. 'ఆరోగ్యం ఎట్లుంది అక్కా' అని అడిగితే 'మంచిగనే ఉంది' అన్న ఒక్క మాటతో ముచ్చట ముగిసిపోతుంది. 'నిన్న పొద్దున ఏం వండినవ్, ఎవరెవరు తిన్నరు, నీకేం మిగిలింది' అని అడగండి. ఆమె రక్తహీనత గురించీ ఇంట్లో ఆమె స్థానం గురించీ కూడా జవాబు వచ్చేస్తుంది. అడిగే మనిషి అదే చేలో కలుపు తీసినది కావడం వల్లే ఈ ప్రశ్న తోస్తుంది. మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉంటే చాలు. ఎదురుగా పెడితే 'ప', 'భ' అక్షరాల దగ్గర ఊపిరి కొట్టి టప్ మంటుంది. గొంతు బాగా పెరిగినప్పుడు కూడా రికార్డరు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గరే ఆగేలా, అంటే పైన కొంత ఖాళీ మిగిలేలా పెట్టుకోవాలి. నవ్వు, ఏడుపు ఒక్కసారిగా గొంతు పెంచుతాయి. ఆ ఖాళీ లేకపోతే శబ్దం పగిలిపోతుంది, తర్వాత బాగు చేయలేం. రేకుల ఇంట్లో అయితే గోడలకు రెండు బొంతలు కడితే ప్రతిధ్వని తగ్గుతుంది. లేచే ముందు ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఊరికే రికార్డు చేసుకోవాలి. తర్వాత రికార్డింగును కోసిన చోట అతుకు వినపడకుండా కప్పేది ఆ నిమిషమే.

40 నిమిషాల ముచ్చట్లో పనికొచ్చేది 15 నిమిషాలు. కోయాల్సింది ఎక్కువగా మొదట్లో, మనిషి ఇంకా బిగుసుకుని ఉన్నప్పుడు. బాధ చెప్పి ఆగిన చోట మాత్రం కత్తెర పెట్టకూడదు. రెండు మూడు సెకన్ల మౌనం ఉంచాలి. ఐదు దాటితే స్టేషన్ పోయిందనుకుని మీట తిప్పేస్తారు.

పాటలు ఈ రేడియో సొత్తు. బతుకమ్మ పాటలు, కలుపు పాటలు, విసుర్రాయి పాటలు. విసుర్రాయి పాటను రాయి తిప్పుతూ పాడితేనే లయ నిలుస్తుంది, ఉత్తినే కూర్చోబెట్టి పాడిస్తే నడక తప్పుతుంది. చిక్కేమిటంటే ఆ అదురు నేల గుండా మైకు స్టాండుకు చేరి, పాట కింద గుడగుడ మని మోత వస్తుంది. నాలుగు మడతల గొంగడి పరిచి దాని మీద స్టాండు పెట్టి, రికార్డరులో 80 హెర్ట్జ్ కింది బొంగురు శబ్దాన్ని తగ్గించే మీట వేస్తే పోతుంది. పాటను నేపథ్య సంగీతంలా కాకుండా అది కట్టిన, పాడిన మనిషితో ముచ్చటలా వేస్తేనే దానికి విలువ.

కొన్ని చోట్ల ఇలాంటి రేడియోలన్నీ జాగ్రత్త పడాలి. నాటు వైద్యం ముచ్చట్లలో దగ్గుకు కషాయం వరకు బాగుంటుంది. పాముకాటు, పురుగుమందు, కాన్పులో రక్తస్రావం మాట వచ్చినప్పుడు మాత్రం '108కి ఫోన్ చేయండి' అన్న వాక్యం అదే కార్యక్రమంలో, అదే గొంతుతో రావాలి. దిగులు, చావు ఆలోచనల గురించి మాట్లాడితే చివర ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి మానస్ నంబరు 14416 రెండుసార్లు, నిదానంగా, అంకె అంకె విడదీసి చెప్పాలి. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఉచిత సేవలో తెలుగులో మాట్లాడతారు. ఇంటి హింస గురించి చెప్పిన ఆమె పేరు తీసేస్తే సరిపోదు. ఊరి పేరు, పిల్లల సంఖ్య, భర్త పని కూడా తీసేయాలి. ప్రసారం అందే పాతిక కిలోమీటర్ల లోపల గొంతును బట్టే మనిషిని పోల్చుకుంటారు కాబట్టి, ఆమె మాటను ఇంకొకరి గొంతుతో చదివించడమే క్షేమం.

వినడం అంత తేలిక కాదు. కమ్యూనిటీ రేడియోకు మామూలుగా ఇచ్చే ప్రసార శక్తి 100 వాట్లే. మెట్టపొలాల బయలు నేల కాబట్టి 25 కిలోమీటర్ల దాకా పోతుంది గానీ గుట్ట అడ్డొచ్చినా, రేకుల కప్పు కిందైనా గరగర మొదలవుతుంది. సెట్టును కిటికీ దగ్గర పెట్టి యాంటెన్నా పూర్తిగా లాగండి, 90.4కు సుమారు 83 సెంటీమీటర్లు సరైన పొడవు. ఫోనులో అయితే వైరున్న ఇయర్‌ఫోనే యాంటెన్నా, అది గుచ్చకపోతే పలకదు. కొత్త ఫోన్లు చాలావాటిలో ఎఫ్ఎం సదుపాయమే లేదు. అందుకని ఇంటికో చిన్న ట్రాన్సిస్టర్ కొనడమే మేలు. హైదరాబాద్‌లో 90.4 పెట్టి వెతకకండి, అక్కడ అదే అంకె మీద హైదరాబాద్ విశ్వవిద్యాలయం వారి బోల్ హైదరాబాద్ ఉంది.

లోటు చెప్పాలంటే రెండు గంటలే ఉండటం. పొద్దున వంట వేళ ఇంకో గంట ఉంటే చేను దగ్గరికి పోయే లోపు వినేవాళ్లు. కానీ డబ్బు లెక్క అందుకు సహకరించదు. కమ్యూనిటీ రేడియోకు ప్రకటనలు గంటకు 7 నిమిషాల నుంచి 12కు పెంచారు, ప్రభుత్వ ప్రకటన ధర 10 సెకన్లకు 52 నుంచి 74 రూపాయలైంది. ప్రకటనలకిచ్చిన సమయం ఒక్క సెకను ఖాళీ లేకుండా నిండినా రెండు గంటలకు వచ్చేది 10,656 రూపాయలు. పల్లె స్టేషన్‌కు అలా నిండడం కల్ల. సొంత వార్తలు చదవడానికీ వీల్లేదు, ఆకాశవాణి వార్తలను మార్చకుండా వేయొచ్చు. అయితే వాన కబురు, కరెంటు, నీళ్లు, అధికారులిచ్చే ఆరోగ్య హెచ్చరికలు వార్తల కిందికి రావు. ఊరి క్షేమం మాట్లాడే రేడియోకు ఆ వెసులుబాటు చాలా పెద్దది, ఏ స్టేషనూ వదులుకోకూడదు.

బయటి నుంచి వెళ్లి వినాలనుకుంటే సంక్రాంతి తర్వాతి వారాలు ఎంచుకోండి. అప్పుడు పాత పంటల విత్తనాలు చూపించే పాత పంటల జాతర ఎడ్లబండ్లు ఊరూరా తిరుగుతాయి. పగలు బండి దగ్గర కొర్రలు, సామలు, తైదల (రాగుల) గింజలు చూసి, ఆ ఊరి ఆడవాళ్ల ముచ్చట విని, రాత్రి 7కు జహీరాబాద్ పరిసరాల్లోనే ఉండి రేడియో పెట్టుకోండి. చిన్న సెట్టు, రెండు జతల బ్యాటరీలు వెంట ఉంచుకోండి.