క్రైసోపర్లా గుడ్ల డబ్బా, లూసర్న్‌లో పేనుబంకకి తెప్పించా: 5కి 3 స్టార్లు

సరుకు మోసం కాదండీ, పని చేస్తుంది. కానీ ఎవరు కొనాలి, ఎవరికి దండగ అనేది డబ్బా మీద రాయరు కదా, అందుకే ఈ రివ్యూ.

మాది పలమనేరు పక్క, హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాస్ ఆవులున్నాయి, వాటి కోసం కొంచెం లూసర్న్ అనే పచ్చిమేత, గట్టు వెంబడి అలసంద. చలికాలంలో నాలుగు రోజులు మబ్బు పట్టిందంటే చాలు చిగుళ్ళ నిండా పేనుబంక, అదే రసం పీల్చే సన్న పురుగులు, ఆకులు జిగురు జిగురుగా మెరుస్తా ఉంటాయి, దాని మీద నల్లగా మసి పట్టేస్తుంది, అలాంటి గడ్డి వేస్తే మా ఆవులు వాసన చూసి పక్కకి తోసేస్తాయి. వేరే పంటైతే మందు కొట్టి ఓ రెండు వారాలు ఆగుతాం, మేత అలా కుదరదు కదా, పొద్దున కోసింది మధ్యాహ్నానికి ఆవు కడుపులో ఉంటుంది, ఆ మందు రేపు పాలల్లోకి వస్తుంది. అందుకని ఆన్‌లైన్‌లో ఒక షాపులో పేనుబంకని తినే ఈ క్రైసోపర్లా, అంటే అల్లిక రెక్కల పురుగు, గుడ్లు ఆర్డర్ పెట్టా. మా పెదనాన్న చూసి "పురుగులు చంపడానికి డబ్బులు పెట్టేవాళ్ళని చూశాగానీ పురుగులు కొనేవాడిని నిన్నే చూస్తున్నా రా" అన్నాడు.

డబ్బాలో ఏముందంటే, కాగితం ముక్కల మధ్య సన్నటి గుడ్లు, పుట్టగానే తినడానికి బియ్యపు చిలక పురుగు గుడ్లు కూడా కలిపి పెట్టారు. ఈ కాగితాలు ఊరికే పెట్టింది కాదు, ఈ పిల్ల పురుగులకి తిండి దొరక్కపోతే ఒకదాన్నొకటి తినేస్తాయి, అందుకని అడ్డంగా పెడతారు. గుడ్డు కొత్తగా పెట్టినప్పుడు లేత ఆకుపచ్చ, పగలబోయే ముందు బూడిద రంగు, తెల్లగా డొల్లగా ఉంటే పిల్ల బయటికి వచ్చేసినట్టే. డబ్బా రాగానే ఇది చూసుకోండి. నాకు కొరియర్ వాళ్ళు లేట్ చేశారు, మూత తీసేసరికి చాలా గుడ్లు తెల్లగా ఉన్నాయి, లోపల ఉండాల్సినన్ని పిల్లలు లేవు, మిగతావి ఎవరి కడుపులోకి పోయాయో చెప్పక్కర్లేదు. ఫోన్ చేస్తే లైవ్ సరుకు సార్ రిటర్న్ ఉండదు అన్నారు. ఒక స్టార్ అక్కడే కట్.

మిగిలినవి సాయంత్రం చల్లబడ్డాక చిగుళ్ళ మీద చల్లాం. తర్వాత మొబైల్ కెమెరాలో జూమ్ చేసి చూస్తే మాత్రం డబ్బులు వసూలైనట్టే అనిపించింది. బూడిద రంగులో సన్నగా, అటూ ఇటూ కొసలు తేలి, అచ్చం మొసలి పిల్లలా ఉంటుంది, నోటి ముందు రెండు కొడవళ్ళు. పేనుబంకని వాటితో పొడిచి పట్టుకుని పైకెత్తి రసం పీల్చేసి, ఒట్టి తోలు కింద పడేసి పక్కదాని మీదికి పోతుంది. తినేది ఈ పిల్ల దశలోనే, సుమారు రెండు వారాలు, రెక్కలొచ్చాక పూల తేనె, పుప్పొడి, పేనుబంక వదిలే ఈ జిగురు మీదే బతికేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. అదే చిగుళ్ళ మీద నేను కొననివి కూడా కనిపించాయి: అక్షింతల పురుగులు, వాటి నల్లటి పిల్లలు, నిలబెట్టినట్టుండే పసుపు గుడ్ల గుంపులు, సిర్ఫిడ్ అనే పూల ఈగ పిల్లలు. కొన్ని పేనుబంకలు ఉబ్బి గోధుమ రంగుకి తిరిగి ఆకుకి అతుక్కుపోయి ఉన్నాయి, అవి లోపల సన్న కందిరీగ పిల్ల తినేసినవి. ఇవన్నీ ఫ్రీగా వచ్చినవే, సంఖ్యలో కొన్నవాటి కన్నా ఎక్కువే. సమస్యల్లా ఇవి లేటుగా రావడం, పేనుబంకకి మగది కూడా అక్కర్లేదు, ఆడది నేరుగా పిల్లల్ని కనేస్తుంది, ఆ స్పీడ్‌ని అందుకోవడానికి వీటికి టైం పడుతుంది. ఆ మధ్యలో సాయం కావాలంటే ఈ డబ్బా పనికొస్తుంది, అంతే దీని వాడకం. బంక మొత్తం కమ్మేశాక చల్లితే మాత్రం దండగే.

ఇంకోటి, లూసర్న్ మొత్తం మెషిన్‌తో ఒకేసారి కోసేవాళ్ళు దీన్ని కొనకండి, కోసిన రోజే మీ మిత్రపురుగులకి ఇల్లు పోతుంది. కాలిఫోర్నియాలో 1954లో లూసర్న్ మీదికి మచ్చల పేనుబంక దిగింది, మందులు కొట్టీ కొట్టీ దానికి మందు అలవాటైపోయింది, దాన్ని తినే పురుగులేమో చచ్చాయి. ఆ గొడవలోంచే 1959లో స్టెర్న్, స్మిత్, వాన్ డెన్ బాష్, హేగన్ అనే నలుగురు సైంటిస్టులు మిత్రపురుగుల్ని బతకనిచ్చి అవసరానికే మందు కొట్టే పద్ధతి రాశారు, పొలాన్ని పట్టీలు పట్టీలుగా కోసి కొంత నిలబెట్టే పద్ధతి కూడా అక్కడ తర్వాత వచ్చింది. మనకి అదేం కొత్త కాదు, ఆవులకి ఏ రోజుకి ఆ రోజు రెండు మడులు కోస్తాం కాబట్టి పురుగులు పక్క మడిలోకి పోతాయి. నాలుగు ఆవులున్న మనలాంటోళ్ళకే ఈ విషయంలో లాభం.

అలసందలో మాత్రం రిజల్ట్ సగమే. అక్కడ నల్ల పేనుబంక, దాని జిగురు కోసం చీమలు కాపలా, తినడానికి వచ్చినదాన్ని తరిమేస్తాయి. చీమల సంగతి చూడకుండా అక్కడ చల్లొద్దు. చల్లాక పక్క పొలంవాళ్ళు మందు కొడుతుంటే గాలి ఎటు తోలుతుందో కూడా చూసుకోవాలి.

ధర సంగతికొస్తే డబ్బా కన్నా కొరియర్ ఛార్జే బరువు, నలుగురు కలిసి ఒకే ఆర్డర్ పెట్టుకుంటే గిట్టుబాటు. నేను మళ్ళీ కొంటానా అంటే, చలి మొదలయ్యే ముందు ఒక్కసారి కొంటా, అదీ బెంగళూరు వైపు నుంచి బస్సు పార్సిల్‌లో రాత్రికి ఎక్కించి పొద్దునకి చేర్చేవాళ్ళు దొరికితేనే.