పాత కారులో ఇంజన్ ఆయిల్ వాసన: యూవీ డై, టార్చి చాన్నాళ్లు వాడాక నా మాట

పాత కారు నడిపేవాళ్ల దగ్గర యూవీ డై (ఆయిల్‌లో కలిపితే అతినీలలోహిత వెలుగులో మెరిసే రంగు) సీసా, ఆ వెలుగునిచ్చే 365 నానోమీటర్ల టార్చి ఉండి తీరాలని నా అభిప్రాయం. మా కారు లీకుతో పాటు మా అపార్ట్‌మెంట్‌లో ఇంకొకరి బండి లీకు కూడా వీటితోనే దొరికింది. కాకపోతే డై కొని ఆయిల్‌లో పోసేస్తే పని అయిపోదు. అంతకుముందు వాసన ఎప్పుడొస్తోందో, ఎటునుంచి వస్తోందో తేల్చుకోవాలి. కిటుకంతా అక్కడే ఉంది.

మాది 2009 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, రోజూ కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా తిరుగుతుంది. మూసాపేట దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే చాలు, ఏసీ వెంట్లలోంచి మాడిన నూనె వాసన గుప్పుమనేది, బండి కదలగానే పోయేది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎంతసేపు నడిపినా ఏమీ ఉండదు, దిగి టోల్ దగ్గర ఆగగానే మళ్లీ మొదలు. వెనక సీట్లో కూర్చున్న అమ్మకి తలనొప్పి వచ్చేది. గ్యారేజీలో చూపిస్తే "పాత బండి కదన్నా, కొంచెం వాసన ఉంటది" అన్నారు. ఆ మాట నేను అస్సలు ఒప్పుకోను. బండి పాతదైనంత మాత్రాన వాసన రాదు, ఎక్కడో ఆయిల్ కారి వేడి లోహం మీద పడితేనే వస్తుంది.

ముందు ఏసీలో రీసర్క్యులేషన్ బటన్ (బయటి గాలి ఆపి లోపలి గాలినే తిప్పేది) నొక్కి చూశాను, వాసన బాగా తగ్గింది. అంటే అది బయటి గాలితో పాటే లోపలికి వస్తోందన్నమాట. చాలా కార్లలో బయటి గాలిని లాక్కునే దారి ముందు అద్దం కింద, వైపర్ల దగ్గరే ఉంటుంది, బానెట్ వెనక అంచుకు ఆనుకుని. ఆ అంచుకుండే రబ్బరు గట్టిపడి పగిలిపోతే ఇంజన్ దగ్గరి పొగంతా నేరుగా ఆ దారిలోకి పోతుంది. బండి పరిగెడుతున్నప్పుడు గాలి ఆ పొగని కొట్టుకుపోతుంది కాబట్టి వాసన తెలియదు, ఆగినప్పుడే తెలుస్తుంది.

డై పోసేముందు ఇంజన్‌ని జిడ్డు వదిలించే డీగ్రీజర్‌తో శుభ్రంగా తుడవాలి, ఇది వదిలేస్తే డబ్బు దండగ. పాత మడ్డి ఉంటే ఏది కొత్త లీకో ఏది పాత మరకో తేలదు. తుడిచి, సీసా మీద రాసిన కొలత ప్రకారం పోసి, కొన్నాళ్లు మామూలుగా తిప్పి, రాత్రి సెల్లార్‌లో లైట్లు ఆర్పేసి పసుపు కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. ఇంజన్ పైమూత అయిన వాల్వ్ కవర్ వెనక అంచు కింద, ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య గోడ) వైపు, సన్నగా దారంలా ఒక పసుప్పచ్చ గీత మెరుస్తూ కిందికి దిగి, ఇంజన్ నుంచి వేడి పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర ఆగిపోయింది. అక్కడితో ఆగిందంటే అక్కడికి చేరిన ఆయిల్ చేరినట్టే కాలిపోతోందని అర్థం, అందుకే పార్కింగ్‌లో నేల మీద ఒక్క చుక్క కూడా కనపడలేదు! పగలు ఎంత వెతికినా ఆ వెనక భాగం కనిపించే అవకాశమే లేదు. ఇంకో సంగతి, ఆయిల్ కిందికే కారుతుంది, ఫ్యాన్ గాలికి వెనక్కి కూడా పాకుతుంది, కాబట్టి మెరుస్తున్న చోట్లలో అన్నిటికన్నా పైన, ముందువైపు ఉన్నదే సాధారణంగా అసలు లీకు.

వాల్వ్ కవర్ ప్యాకింగ్ విప్పితే రబ్బరులా లేదు, వంచగానే పుటుక్కున విరిగింది. రాణిగంజ్‌లో కొత్తది తెచ్చి వేయించాను, దాంతో పాటే ఇంజన్ లోపల చేరే వాయువుల ఒత్తిడిని వదిలించే పీసీవీ వాల్వ్ కూడా. ఇది మాత్రం ఎవరూ మానొద్దు. పీసీవీ మూసుకుపోతే ఇంజన్ లోపల ఒత్తిడి పెరిగి కొత్త ప్యాకింగ్‌లోంచి కూడా ఆయిల్‌ని బయటికి తోస్తుంది. కవర్ బోల్టులకి చాలా తక్కువ బిగింపు చాలు, బలమంతా పెట్టి బిగిస్తే కవర్ వంగి మళ్లీ అక్కడే కారుతుంది, అందుకే బిగింపు కొలిచి బిగించే టార్క్ రెంచ్ ఉన్న మెకానిక్‌నే వెతుక్కోండి. మానిఫోల్డ్ మీద మిగిలిన ఆయిల్ కాలిపోయేదాకా కొన్ని రోజులు వాసన ఉంటుంది, టెన్షన్ పడొద్దు. తర్వాత మాకు పూర్తిగా పోయింది, ఇప్పటిదాకా మళ్లీ రాలేదు.

లోపాలూ ఉన్నాయి. చౌకగా దొరికే 395 నానోమీటర్ల టార్చిలో ఊదా వెలుగే ఎక్కువ, ఆ వెలుగులో సన్నటి లీకు కలిసిపోతుంది. డీజిల్ బండ్లలో ఆయిల్ నల్లబడిపోతుంది కాబట్టి మెరుపు మందగిస్తుంది, కొత్త ఆయిల్ మార్చాక పోస్తే మేలు. డై చేతికో బట్టకో అంటితే ఓ పట్టాన వదలదు. ముఖ్యంగా, సైలెన్సర్ పైపు లైన్లో లీకుంటే డై ఏమీ చూపించదు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసనే ఉండదు, కాబట్టి కారులో కూర్చుంటే తల తిరుగుతున్నట్టు ఉంటే అద్దాలు దించేసి, డై సంగతి పక్కనపెట్టి ముందు మానిఫోల్డ్ ప్యాకింగ్, పైపు జాయింట్లు చూపించండి.