విడిగా నేర్చుకోవడమా, కలిసి చేయడమా?

బొమ్మలేసే విద్యార్థి తన స్టూడియోలోనే ఏళ్లు గడిపితే చేయి తిరుగుతుంది. గీతలో పట్టు రావాలంటే ఆ ఏకాంతం కావాల్సిందే, కాదనను.

అదే విద్యార్థిని నాటకం వాళ్లతో కలిపి చూడండి. ఎంతో ఇష్టంగా ఎంచిన ఎర్రచీర, స్టేజీ మీద పచ్చలైటు పడగానే దాదాపు నల్లగా కనిపిస్తుంది. టెన్షన్! లైటింగ్ అబ్బాయి ఫిల్టర్ మారుస్తాడు, నటి రెండడుగులు పక్కకు జరుగుతుంది, ఎరుపు మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. ఈ పాఠం కాన్వాసు ముందు కూర్చుంటే దొరకదు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 1988లో ఏర్పడ్డ సరోజినీ నాయుడు స్కూల్లో నాటకం, నాట్యం, చిత్రకళ, కమ్యూనికేషన్ ఒకే గొడుగు కింద ఉన్నాయి. ఎక్కడైనా గొడుగొక్కటే చాలదు. నా ఓటు కలిసి చేయడానికే, అయితే చేయి కుదిరాక. అప్పుడు టైంటేబుల్లో ఉమ్మడి గంటలు, వాటికి మార్కులు కూడా ఉండాలి.